ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఆస్ట్రేలియాలో తన అర్హతను ఎలా రుజువు చేసుకోవాలి?

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ పొందినవారైనా, ఆ ఒక్క పత్రంతో ఆస్ట్రేలియాలో వైరింగు పని చేయడానికి వీలుండదు. నైపుణ్య వలస వీసాకు ముందు, అక్కడి ప్రభుత్వ విభాగమైన ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా ఆమోదించిన శిక్షణ సంస్థ ద్వారా నైపుణ్య మదింపు చేయించుకోవాలి. అందులో మొదట పత్రాలను, ఆ తరువాత సాంకేతిక పరిజ్ఞానాన్ని పరీక్షిస్తారు.

మనవారికి చిక్కంతా పత్రాల దగ్గరే వస్తుంది. చిన్న కాంట్రాక్టరు దగ్గర ఏళ్ల తరబడి నగదు రూపంలో కూలి తీసుకున్నవారికి పనితనం ఎంత ఉన్నా, జీతం జమైన బ్యాంకు ఖాతా వివరాలు, పీఎఫ్ రికార్డు, ఆదాయపు పన్ను పత్రాలు వంటివి లేకపోతే ఆ అనుభవాన్ని నిరూపించడం చాలా కష్టం. యజమాని ఇచ్చే లేఖలో పనిచేసిన తేదీలు, వారానికి గంటలు, ప్యానెల్ బోర్డుల బిగింపు, మోటార్ల మరమ్మతు వంటి పనుల వివరం స్పష్టంగా ఉండాలి. ‘మంచివాడు, కష్టపడతాడు’ అన్న పొగడ్త అక్కడ దేనికీ పనికిరాదు. కాబట్టి వెళ్లాలన్న ఆలోచన ఇంకా దూరంగా ఉన్నా, జీతాన్ని ఇప్పటి నుంచే బ్యాంకు ద్వారా తీసుకోవడం మేలు.

మదింపులో నెగ్గినవారికి వచ్చేది నైపుణ్య రికార్డు మాత్రమే, లైసెన్సు కాదు. అక్కడికి చేరాక తాత్కాలిక లైసెన్సుతో పర్యవేక్షణలో పనిచేస్తూ, స్థానిక వైరింగు నిబంధనలపై అదనపు శిక్షణ పూర్తిచేసి, సర్టిఫికెట్ 3 అనే అక్కడి వృత్తి విద్యార్హత సాధించిన తరువాతే ఆయా రాష్ట్రాల అధికారులు పూర్తి లైసెన్సు ఇస్తారు.