పాత లినక్స్ డ్రైవర్‌లో కేఫ్రీలు (మెమరీని వదిలే పిలుపులు), గోటూలు (పని విఫలమైతే శుభ్రం చేసే లేబుల్‌కి దూకే లైన్లు) తీసేసి అన్నీ డెవ్‌ఎమ్‌కి (డ్రైవర్ తీసుకున్నవాటిని కెర్నెలే తర్వాత వదిలే పద్ధతికి) మార్చేస్తే కోడ్ శుభ్రమైనట్టేనా?

కాదు. లైన్లు తగ్గుతాయి, అంతే. లినక్స్ కెర్నెల్‌లో మెమరీ కోడ్ శుభ్రం చేయడమంటే ఏది ముందు వదలాలి, ఏది తర్వాత వదలాలి అన్నది తేల్చుకోవడం. ఆ వరస తప్పితే గోటూలతో నిండిన పాత కోడే నయం.

మీరు చేద్దామనుకుంటున్న మార్పులోనే చాలామంది పడే గుంట ఒకటుంది. ప్రోబ్‌లో (డ్రైవర్ డివైస్‌కి తగులుకునేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) బఫర్‌ని కేజాలాక్‌తో తీసుకుని, రిక్వెస్ట్ ఐఆర్‌క్యూతో ఇంటరప్ట్‌కి, అంటే డివైస్ పంపే పిలుపుకి, ఒక హ్యాండ్లర్ ఫంక్షన్ పెట్టుకున్నారు. రిమూవ్‌లో (డ్రైవర్‌ని విడదీసేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) ముందు ఆ హ్యాండ్లర్‌ని తీసేసే ఫ్రీ ఐఆర్‌క్యూ, తర్వాత కేఫ్రీ. ఇది సరైన వరస. ఇప్పుడు ఇంటరప్ట్ ఒక్కదాన్నే డెవ్‌ఎమ్‌కి మార్చి, ఫ్రీ ఐఆర్‌క్యూ లైన్ కొట్టేశారనుకోండి. డెవ్‌ఎమ్‌తో తీసుకున్నవి రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే విడుదలవుతాయి. అంటే బఫర్ పోయాక కూడా హ్యాండ్లర్ బతికే ఉంటుంది. ఆ సందులో ఇంటరప్ట్ వస్తే, వదిలేసిన బఫర్‌లోనే రాస్తుంది. ఇంటరప్ట్ లైన్ షేర్డ్ (ఒకటి కంటే ఎక్కువ డివైస్‌లు పంచుకునేది) అయితే పక్క డివైస్ ఇంటరప్ట్ ఇచ్చినా చాలు, మీ హ్యాండ్లర్ కూడా నడుస్తుంది.

మామూలు టెస్టుల్లో ఇది దొరకదు. మెమరీ తప్పుల్ని పట్టే కేఏశాన్ ఆన్ చేసినా, సరిగ్గా ఆ సందులో ఇంటరప్ట్ రాకపోతే నోరు మెదపదు. షేర్డ్ లైన్ ఉన్న డ్రైవరైతే కాన్ఫిగ్ డీబగ్ ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ అనే కెర్నెల్ ఆప్షన్ కూడా పెట్టండి. హ్యాండ్లర్‌ని తీసేసే సమయంలో అది కావాలనే ఒకసారి దాన్ని పిలుస్తుంది, వరస తప్పు అక్కడే బయటపడుతుంది.

మార్చాలనుకుంటే రెండూ మార్చండి. డెవ్‌ఎమ్ తీసుకున్న వరసకు తలకిందులుగా వదులుతుంది కాబట్టి ప్రోబ్‌లో ముందు బఫర్, తర్వాతే ఇంటరప్ట్. రిమూవ్‌లో పాత కేఫ్రీని తీసేయడం మర్చిపోయారా, డబుల్ ఫ్రీ, అంటే వదిలిన మెమరీనే మళ్లీ వదలడం. ఇంకొకటి, డివైస్‌ని ఆపే రిజిస్టర్ రాత రిమూవ్‌లో ఉండి తీరాలి, దాన్ని డెవ్‌ఎమ్ తనంతట తాను చేయదు.

శుభ్రం చేసేవాళ్లు లేబుళ్ల మీద చూపే శ్రద్ధ గుణకారాల మీద చూపరు, నాకు అదే బాధ. మెమరీ కేటాయించే కేమాలాక్‌కి కౌంటుని సైజుతో గుణించి ఇస్తారు. 32 బిట్ మెషీన్లో కౌంటు 26,84,35,457, ఒక్కో ఎంట్రీ 16 బైట్లు అయితే గుణకారం పొంగిపోయి మిగిలేది 16 బైట్లే. కేటాయింపు సాఫీగా జరుగుతుంది, రెండో ఎంట్రీ రాయగానే పక్కవాళ్ల మెమరీ పాడవుతుంది. గుణకారం పొంగుతుందేమో తనే చూసుకునే కేమాలాక్ అర్రే వాడితే నల్ (ఖాళీ పాయింటర్) వస్తుంది. బ్లాకు సైజు మార్చే కేరీఅలాక్ ఫలితాన్ని అదే పాయింటర్‌లో వేసుకోవడం కూడా ఇలాంటి తప్పే: అది విఫలమైతే నల్ వచ్చి పాత అడ్రస్ పోతుంది, బ్లాకు లీకవుతుంది. రహస్య కీ ఉన్న బఫర్‌కి మెమ్‌సెట్, కేఫ్రీ జంట చాలదు. ఎలాగూ వదిలేసే మెమరీయే కదా అని కంపైలర్ ఆ మెమ్‌సెట్‌ని తీసేయొచ్చు. అక్కడ తప్పకుండా చెరిపేశాకే వదిలే కేఫ్రీ సెన్సిటివ్ పెట్టాలి.

వీటన్నిటినీ ఒకే ప్యాచ్‌లో కుక్కకండి. బగ్ సవరణ విడిగా, ఏ పాత మార్పు ఆ బగ్ తెచ్చిందో చెప్పే ఫిక్సెస్ ట్యాగ్‌తో, ప్యాచ్‌ల సిరీస్‌లో మొదట. రూపు మార్పులు ఆ తర్వాత, ఒక్కో ప్యాచ్‌కి ఒక్కటే. స్పేసులు సర్దే పని వాటిలో కలిపితే రివ్యూ చేసేవాళ్లకు అసలు మార్పు కనపడదు.

పంపే ముందు ఫెయిల్‌స్లాబ్ అనే కెర్నెల్ సదుపాయంతో కేటాయింపులు కావాలని విఫలం చేయిస్తూ డ్రైవర్‌ని 100 సార్లు బైండ్, అన్‌బైండ్ చేయండి. తర్వాత లీకైన మెమరీని వెతికే కేమెమ్‌లీక్ ఫైల్‌కి స్కాన్ అని రాసి, అదే ఫైల్ చదవండి.