ఆస్పత్రిలో మన మాట చెల్లుతుందా?

ప్రశ్న: మా అమ్మకు బీపీ, షుగరు ఉన్నాయి. మూడు నెలలుగా మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో మాత్రలు లేవంటూ బయట కొనుక్కోమని చీటీ రాసిస్తున్నారు. గట్టిగా అడిగితే, ‘ఉచితంగా ఇచ్చేదానికి ఇన్ని ప్రశ్నలా?’ అన్నారు. ఆ ఆస్పత్రిని అడిగే హక్కు మా ఊరివాళ్లకు ఉందా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మీ అమ్మగారు పన్ను కడుతూనే ఉన్నారు కాబట్టి, ఆ మాత్రలు ఎవరి దయా కాదు. ఆ మాట అన్నవారు మీ అమ్మగారికి క్షమాపణ చెప్పాలి.

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చింది. అందులో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఆస్పత్రులు, పీహెచ్‌సీలు కూడా దాని కిందికే వస్తాయి. అయితే ఎంత అధికారం ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేయడంతో, డాక్టర్ల నియామకాలూ మందుల కొనుగోళ్లూ పైస్థాయిలోనే ఉండిపోయాయి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊళ్లలో ఆరోగ్య కమిటీలను, ఆస్పత్రుల్లో అభివృద్ధి సంఘాలను తెచ్చింది. కానీ ఆ కమిటీల్లో తాము సభ్యులమన్న సంగతే తెలియని వార్డు సభ్యులను నేను కలిశాను. రిజిస్టరు ఇంటికి వస్తే సంతకం పెట్టి పంపుతామని వారే చెప్పారు.

బ్రెజిల్ 1990లో చేసిన చట్టం ప్రకారం, మున్సిపాలిటీ నుంచి దేశస్థాయి వరకు ఉండే ఆరోగ్య మండళ్లలో సగం స్థానాలు వైద్యసేవలు పొందే ప్రజల ప్రతినిధులవే. అక్కడా ధనిక, పేద తేడాలు పోలేదు గానీ, రోగి తరఫు మనిషికి కుర్చీ చట్టమే వేసింది. మనకు లోటు అక్కడే ఉంది.

మీరు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. గత మూడు నెలల్లో బీపీ, షుగరు మాత్రలు ఎన్ని వచ్చాయో, ఎన్ని పంచారో, ఎన్నింటికి ఇండెంటు (మందులు పంపమని పైకి రాసే కోరిక) పెట్టారో స్టాకు రిజిస్టరు నకలుతో సహా ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. అభివృద్ధి సంఘం సమావేశాల తీర్మానాలూ అడగండి. మండల స్థాయి కార్యాలయమైతే రుసుము 5 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఈలోగా ‘బయట కొనుక్కోండి’ అని రాసిన చీటీలను పారేయకుండా తేదీలవారీగా దాచండి, ఇరుగుపొరుగువారివీ సేకరించండి. వచ్చే గ్రామసభలో వాటిని రిజిస్టరు నకలు పక్కన పెట్టి, మందుల కొరతపై తీర్మానం రాయమని సర్పంచ్‌గారిని అడగండి.