అమెరికాలో, కొలరాడో కొండల్లోని ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళో ఇల్లు కొంటానంటున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "వాడు కొండ మీద ఇల్లు కొంటున్నాడక్కా" అంది. భయపడుతోందో మురిసిపోతోందో గొంతును బట్టి తెలియలేదు. నాదీ అదే వరస. మన ఇంట్లో కొండ ఎక్కడమంటే తిరుపతే. గుడివాడ పొలాల మధ్య పెరిగినవాళ్ళ పిల్లాడు 7,522 అడుగుల ఎత్తున ఇల్లు కొంటానంటే గర్వంగా ఉండదా? అలాగని నోరు మూసుకుని కూర్చోలేను. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉండి, మోకాళ్ళు మొరాయించాక కొండ కిందున్న లవ్‌లాండ్‌కి దిగొచ్చినదాన్ని. సగంలో ఆపకుండా చదువు.

ఇన్‌స్పెక్షన్ చేయించు. రూఫ్ వయసు అడుగు. సెప్టిక్ ట్యాంక్ మూత తీయించి చూడు. నేలలోంచి ఇంట్లోకి చేరే రాడాన్ అనే హానికర వాయువు పరీక్ష మానకు. కొలరాడోలో సుమారు సగం ఇళ్ళలో అది ఉండాల్సినదానికన్నా ఎక్కువే, పైపూ ఫ్యానూ పెట్టిస్తే తగ్గుతుంది. దానికి జడిసి ఇల్లు వదులుకోనక్కర్లేదు.

నువ్వు పంపిన ఫొటోలో లాంగ్స్ పీక్ శిఖరం బ్రహ్మాండంగా కనబడుతోంది. ఇంటికి వెళ్ళే దారి మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. అది కౌంటీ రోడ్డా, అంటే ప్రభుత్వానిదా, లేక ప్రైవేటు రోడ్డా? ప్రైవేటుదైతే మంచు తీసే ఖర్చు మీదే. ఎవరు తీస్తారో, ఎంత తీసుకుంటారో పక్కింటివాళ్ళని అడుగు, ఏజెంటుని కాదు. బావి ఉంటే దాని పర్మిట్ కాగితం తెప్పించు. "ఇంటి వాడకానికి మాత్రమే" అని ఉంటే ఆ నీళ్ళు పెరట్లో ఒక్క మొక్కకీ పొయ్యకూడదు. వాననీళ్ళు పట్టుకోవడానికి 2016 నుంచి రెండు పీపాలకి అనుమతిచ్చారు, రెండూ కలిపి 110 గ్యాలన్లు. గోంగూర వేస్తానని మీ ఆవిడ అందట. ఆ చలికి బయట రాదు, వచ్చినా ఎల్క్‌లు, అదే ఆ పెద్ద దుప్పులు, మిగల్చవు. కిటికీ దగ్గర కుండీలో వేసుకోమను.

ఇప్పుడు అసలు సంగతి. మేం ఇల్లు కొన్న మొదటి చలికాలం, మాఘమాసంలో నీ అన్నప్రాసనకి గుడివాడ వచ్చాం. బయల్దేరే ముందు, ఇంటిని వెచ్చబెట్టే ప్రొపేన్ గ్యాస్ ట్యాంక్ గేజీ చూడమన్నాను. 20 శాతం ఉంది. "ఎవరూ లేని ఇంటికి ఎంత కావాలే, చాల్లే" అన్నారు మీ పెదనాన్న. థర్మోస్టాట్ బాగా తగ్గించి తాళం వేశారు. నీళ్ళు కట్టెయ్యలేదు, బావి మోటారు స్విచ్ ఆపలేదు. తర్వాత గ్యాస్ ట్రక్కు వచ్చిందట. గాలికి దారిలో పోగుపడ్డ మంచు చూసి వెనక్కి తిరిగిందట. ఆ ఊళ్ళో మంచు కన్నా గాలే పొగరుబోతు. గ్యాస్ అయిపోయింది, ఫర్నేస్ ఆగింది, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలాయి. పగిలినప్పుడు ఏమీ కారదు, లోపలున్నది ఐసే కదా. కొండల మీంచి షినూక్ అనే వెచ్చటి గాలి దిగిందంటే మాత్రం పూటలో అంతా కరుగుతుంది. అప్పుడు మొదలైంది. మోటారు ఆన్‌లోనే ఉంది కాబట్టి బావిలో నీళ్ళు తోడి తోడి ఇంట్లో పోసింది. అక్కడ నువ్వు పాయసం ఉమ్మేస్తున్నావు, మేం నవ్వుతున్నాం, ఇక్కడ మా సీలింగ్ ఊడి కింద పడింది.

గ్యారేజ్ తలుపు కింద నుంచి నీళ్ళొచ్చి గడ్డకట్టడం పక్కింటి ముసలావిడ చూసింది. ఆవిడే కరెంటు కట్టేసి మీ తాతయ్యగారింటికి ఫోన్ చేసింది. ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వలేదు. ఇల్లు వెచ్చగానైనా ఉంచాలి, నీళ్ళు కట్టేసి పైపులు ఖాళీ అయినా చెయ్యాలి, మీరు రెండూ చెయ్యలేదన్నారు. పాలసీలో ఆ మాట ఉంది. డబ్బు సంగతి అటుంచు. బాత్రూం కింది అల్మారాలో మీ అమ్మమ్మ నాకు రాసిన ఉత్తరాలుండేవి. నీలం ఏరోగ్రామ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మీ పెదనాన్న నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ విడదీసి తువ్వాళ్ళ మీద ఆరబెట్టారు. సిరా మొత్తం పోయింది, మడతల దగ్గర "చిరంజీవి" అన్న మాట మాత్రం రెండు మూడింటిలో మిగిలింది. అన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను క్షమాపణ అడగడం అదొక్కసారే.

అందుకని రెండు రోజులు ఊరు వెళ్ళినా మోటారు స్విచ్ ఆపు, కొళాయిలు తిప్పి వదిలెయ్. ఇంట్లో వేడి తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపే యంత్రాలు ఇప్పుడున్నాయి, కొను. అంతకన్నా ముందు పక్కింటావిడతో స్నేహం చేసుకో.

ఇన్సూరెన్స్ కోట్ ముందే తెచ్చుకో. అడవి మంటల భయంతో చాలా కంపెనీలు ఇవ్వం పొమ్మంటున్నాయి. ఇన్సూరెన్స్ కుదరకపోతే కొనకుండా వెనక్కి తగ్గడానికి కాంట్రాక్టులో ఒక గడువు ఉంటుంది, దాటనివ్వకు. 2020 అక్టోబర్ 22న ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే అడవి మంట కొండల అవతలి నుంచి ఇవతలికి దూకింది. పట్టపగలు ఆకాశం ఇటుక రంగుకి తిరిగి చీకటి పడింది, ఊరు ఊరంతా ఖాళీ చెయ్యమన్నారు. ఆ రోజు కార్లు లైట్లేసుకుని నత్తల్లా దిగాయి. పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, మందులు ఒక సంచిలో తలుపు దగ్గరే ఉంచు. ఇంటి గోడకి అయిదడుగుల్లో కాలేదేదీ పెట్టకు. డెక్ మీద, అదే ఇంటిని ఆనుకున్న చెక్క అరుగు మీద, కట్టెలు పేర్చే అలవాటు నీకూ వస్తుంది, నాకు తెలుసు. పేర్చకు.

నువ్వు లేనప్పుడు టూరిస్టులకి అద్దెకిచ్చి లోన్ కడతానని లెక్కలేస్తున్నావట. అలా ఇవ్వడానికి లైసెన్సు కావాలి, ఊరి నివాస ప్రాంతాల్లో ఆ లైసెన్సులకి పరిమితి ఉంది. ఆ ఆదాయం లేకుండా కట్టగలిగితేనే కొను.

మీ అమ్మకి ఎలుగుబంట్లంటే భయం. నాకు లేదు. చెత్తడబ్బా మూత, కారు తలుపు గట్టిగా వేసుకుంటే, మిగిలిన బిర్యానీ కార్లో వదలకుంటే వాటి దారిన అవి పోతాయి. ఎల్క్‌లకి 75 అడుగుల దూరంలో ఉండు, సెప్టెంబర్‌లో మగవాటికి తిక్క ఎక్కువ. నా భయమంతా పిడుగులే. లాంగ్స్ పీక్ 14,259 అడుగులు. చెట్లు ఆగిపోయిన చోటు నుంచి దాక్కోవడానికి ఏమీ ఉండదు, వేసవిలో మధ్యాహ్నమైతే మబ్బు పట్టేస్తుంది. రాత్రి రెండింటికో మూడింటికో బయల్దేరి, పన్నెండు కాకముందే శిఖరం వదిలి దిగుతూ ఉండాలి. కాస్త దూరమే ఉన్నా సరే, ఉరుము వినబడితే వెనక్కి తిరుగు. లవ్‌లాండ్ నుంచి ఆ ఊరికి ఎక్కే లోయ రోడ్డులో వాన దంచికొడితే కారు వదిలేసి కొండ ఎక్కమని బోర్డులుంటాయి, చూశావా? 1976లో ఆ బిగ్ థాంప్సన్ లోయలోనే ఒక్క రాత్రి వరదకి 144 మంది పోయారు. నీ కొత్త కారు ముఖ్యం కాదురా.

ఇంతా చెప్పి భయపెట్టానేమో. సెప్టెంబర్ చివర ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపెక్కినప్పుడు పొద్దున్నే కాఫీ పట్టుకుని డెక్ మీద నిలబడితే చాలు, ఈ బాధలన్నీ పడొచ్చనిపిస్తుంది. మేం పడ్డాం. ఇంకోటి, అక్కడ నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు గిన్నెలో ఉడకదు. మంచి కుక్కర్ పట్టుకెళ్ళు.

బావి పర్మిట్, ఇన్సూరెన్స్ కోట్ నాకు వాట్సాప్ చెయ్యి, ఆ తర్వాతే సంతకం. ఇన్‌స్పెక్షన్ శనివారం పెట్టుకుంటే మేమిద్దరం వస్తాం. మీ పెదనాన్నకి ట్యాంక్ గేజీ చూసే పని అప్పగిస్తాను.

మీ పెద్దమ్మ