బెంచీ మీద బాగున్న టూల్ బావిలోకి దిగితే ఎందుకు చస్తోంది?

ప్రశ్న: చమురు బావుల్లో వాడే ఎండబ్ల్యూడీ టూల్స్ (బావి తవ్వుతుండగానే కింది కొలతలు పైకి పంపేవి) రిపేరు చేసే షాపులో పనిచేస్తున్నాను సార్. ఒక టూల్ బావిలో ఉండగానే సిగ్నల్ ఆగిపోయిందని వెనక్కి వచ్చింది. బెంచీ మీద పెడితే శుభ్రంగా పనిచేసింది. ‘లోపం లేదు’ అని రాసి పంపేశాం. తర్వాతి బావిలో ఆరు గంటలకే మళ్లీ అదే కథ. బోర్డులన్నీ మార్చేయమంటారా?

జవాబు: ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. మీ బెంచీ మీద గది వేడి, కదలికే లేదు. కింద 150 డిగ్రీల వేడి, పైన కిలోమీటర్ల కొద్దీ మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద లాంటి ద్రవం) బరువు, పక్కనే రాయిని కొరుకుతున్న బిట్. సోల్డర్‌లో వెంట్రుకంత పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, వేడెక్కి ఊగితేనే విడిపోతుంది. అలాంటిది ఒకసారి నన్ను మూడు రోజులు ఏడిపించింది. చివరికి ఓవెన్‌లో 140 డిగ్రీలకు తెచ్చి, కరెంటు ఇచ్చే ఉంచి, రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ పోతే ఒక కనెక్టర్ దగ్గర రీడింగ్ టక్కున పోయింది, సుత్తి తీయగానే వచ్చేసింది. మీరూ అలాగే పట్టండి, కాకపోతే టూల్‌కి రాసిన వేడి పరిమితి దాటకుండా, బ్యాటరీ తీసేసి బయటి కరెంటుతో. బ్యాటరీలోని లిథియం 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బ్యాటరీతో పాటు ఓవెన్‌లో పెట్టడం అంటే బాంబుతో ఆడుకోవడమే.

అయితే పగులు దొరికిందని సంబరపడి ఆపేయకండి, అది ఎందుకు వచ్చిందో టూల్ మెమరీలోనే ఉంటుంది. బోర్డు మార్చే ముందే షాక్, వేడి రికార్డులు దించుకుని రిగ్ రిపోర్టుతో గంట గంటా పోల్చండి. బిట్ రాయిలో ఇరుక్కుని ఆగి, మెలితిరిగిన పైపు విడిపోగానే పైన తిప్పే వేగానికి రెండు మూడు రెట్లు గిర్రున తిరుగుతోందా? అది స్టిక్-స్లిప్. బిట్ మీద బరువు తగ్గించి ఆర్‌పీఎం పెంచాలి. పైపు బావి గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ తిరుగుతుంటే అది వర్ల్, దానికి మామూలుగా ఆర్‌పీఎం తగ్గించి బరువు పెంచాలి. మందులు రెండూ తలకిందులు, అందుకే ‘వైబ్రేషన్ ఎక్కువుంది’ అన్న ఒక్క మాటతో డ్రిల్లర్‌కి ఫోన్ చేస్తే ఉపయోగం లేదు, ఏ రకమో చెప్పాలి.

వేడి సంగతి కూడా చూడండి. మడ్ తిరుగుతున్నంతసేపు టూల్‌ని చల్లబరుస్తుంది, పంపు ఆపి ఎక్కువసేపు ఉంటే కింది వేడి మొత్తం దానికే. అందుకే వేడి బావుల్లో టూల్ దించేటప్పుడు మధ్యమధ్య ఆగి మడ్ తిప్పుతారు. తొందరలో మొదట ఎగిరిపోయేది ఈ పనే.

మడ్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల గురించి మీకు తెలిసే ఉంటుంది, టూల్ బావిలోకి దిగే ప్రతి రన్‌కీ కొత్తవే. కానీ రింగు కూర్చునే గాడిని గోరుతో తడిమి చూశారా? గీత తగిలితే కొత్త రింగు వేసినా మడ్ లోపలికి దారి చేసుకుంటుంది.

ఇక రిపోర్టులో ‘లోపం లేదు’ బదులు ‘లోపం దొరకలేదు, వేడిలో పరీక్షించలేదు’ అని రాస్తే రిగ్ వాళ్లు కనీసం బ్యాకప్ టూల్ సిద్ధంగా పెట్టుకుంటారు.

ప్రశ్న: మడ్ మోటార్ (మడ్ ఒత్తిడితో బిట్‌ని తిప్పేది) లోపలి రబ్బరు ముక్కలు ముక్కలుగా ఊడి వస్తోంది. నాసిరకం సరుకేనా?

జవాబు: కావచ్చు, కానీ ముందు అనుమానించాల్సింది ఫిట్టింగ్‌ని. రబ్బరు వేడికి ఉబ్బుతుంది, ఆయిల్ మడ్ పీల్చుకుని ఇంకా ఉబ్బుతుంది. షాపులో సరిగ్గా సరిపోయిన రోటర్ (రబ్బరు లోపల తిరిగే ఇరుసు) బావి కింద బిగుసుకుని, తిరిగిన ప్రతిసారీ రబ్బరుని నలిపి లోపలి నుంచి ఉడికిస్తుంది. కింది వేడి, మడ్ రకం ముందే కనుక్కుని కాస్త వదులు ఫిట్ అడగండి. మోటార్ ఎన్నిసార్లు స్టాల్ అయిందో (తిరగలేక ఆగిపోయిందో) కూడా డ్రిల్లర్‌ని అడగండి, నిజం చెబితే.