పండగలకి చేత్తో ఏదైనా చేయాలనుంది, టైమేదీ?

ప్రశ్న: అక్కా, మేం రాజమండ్రి నుంచి చికాగో దగ్గరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరం ఉద్యోగాలు, నాలుగేళ్ల పాప. ఇంటర్ సెలవుల్లో గడులుండే మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్, అదే ఇంటూ కుట్లు, తెగ కుట్టేదాన్ని. ఇక్కడ షాపుల్లో కిట్లు చూస్తే మళ్లీ చేయాలనిపిస్తోంది. క్రిస్మస్‌కి పాప టీచర్లకి, పక్కింటివాళ్లకి, ఆఫీసులో నలుగురికి చేత్తో చేసినవి ఇవ్వాలని ఉంది. అమ్మావాళ్ల గృహప్రవేశానికి పెద్ద రాధాకృష్ణుల బొమ్మ కూడా కుడదామనుకుంటున్నా. కానీ వారమంతా ఉరుకులు పరుగులే. ఎక్కడ మొదలుపెట్టను? బాగా వస్తే ఎట్సీలో, చేత్తో చేసినవి అమ్మే ఆ వెబ్‌సైట్లో, అమ్మొచ్చా? ఇండియా వెళ్లేటప్పుడు విమానంలో కుట్టుకోనిస్తారా?

జవాబు: ముందు ఆ రాధాకృష్ణుల సంగతి తేల్చేద్దాం. అలాంటి బొమ్మలు అడ్డం 200, నిలువు 280 గడులు ఉండటం మామూలే. గడికో ఇంటూ చొప్పున గుణిస్తే 56,000 కుట్లు. చేయి తిరిగేదాకా గంటకి నూరు, మహా అయితే నూటయాభై పడతాయి. నూటయాభై చొప్పున చూసినా 370 గంటలు దాటుతుంది. పాప పడుకున్నాక రోజుకి అరగంట కూర్చున్నావనుకో, ఒక్క రోజు కూడా మానకపోయినా రెండేళ్లు. గృహప్రవేశం అయిపోయి, గోడలకి మళ్లీ రంగులేసే టైముకి బొమ్మ చేరుతుంది.

కుట్టొద్దనడం లేదు. తేదీ పెట్టుకుని కుట్టొద్దంటున్నాను. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో బీరువా అడుగున సగం కుట్టిన నెమళ్లు, సగం కుట్టిన వేంకటేశ్వరస్వాములు ఎన్ని ఉంటాయో! వాళ్లెవరూ బద్ధకస్తులు కారు. కిట్ అట్ట మీద బొమ్మ చూసి కొన్నారు, గడులు లెక్కపెట్టలేదు. అట్ట మీద అంగుళాలు రాసి ఉంటాయి, మనం అవే చూస్తాం. చూడాల్సింది ఎన్ని కుట్లు అడ్డం, ఎన్ని నిలువు అన్న లెక్క. అది కూడా పక్కనో వెనకో ఉంటుంది.

ఈ లెక్క నీకు వస్తే సగం టెన్షన్ పోతుంది. ఇక్కడ దొరికే బట్ట పేరు ఐడా. 11, 14, 16, 18 అని నంబర్లు ఉంటాయి. అంగుళానికి అన్ని గడులు అన్నమాట, దీన్నే కౌంట్ అంటారు. నువ్వు 14 తీసుకో. 18లో గడులు మరీ చిన్నవి, ఆఫీసులో రోజంతా స్క్రీన్ చూసిన కళ్లకి రాత్రిపూట శిక్ష. 40 గడుల బొమ్మ 14 కౌంట్ మీద మూడంగుళాల లోపు వస్తుంది. చెట్టుకి వేలాడదీసే ఆర్నమెంట్‌కి సరిగ్గా అంతే కావాలి. 40 ఇంటూ 40 అంటే 1,600 గడులైనా, చుట్టూ ఖాళీ వదిలేస్తే కుట్టేది అందులో సగమే. అంటే ఏడెనిమిది గంటలు. రెండు వారాంతాలు, మధ్యలో కొన్ని సాయంత్రాలు.

ఇప్పుడు నీ జాబితా చూడు. టీచర్లు ఇద్దరు ముగ్గురు, పక్కిళ్లు రెండు, ఆఫీసులో నలుగురు. అందరికీ క్రాస్ స్టిచ్ అంటే అరవై డెబ్బై గంటలు. వద్దు. పాపకి బాగా దగ్గరైన ఒక టీచరుకి ఒకటి, నీకు నచ్చిన పక్కింటావిడకి ఒకటి. మిగతావాళ్లకి త్వరగా అయ్యేవి ఉన్నాయి, చెప్తాను. ఆఫీసువాళ్లకి అసలు కుట్టకు. ఎడమచేత్తో తీసుకుని డెస్క్ సొరుగులో పడేస్తారు, నీకు మనసు చివుక్కుమంటుంది.

సామాన్ల కోసం పాతవాళ్లెవరైనా జోఆన్‌కి వెళ్లమంటే నమ్మకు, 2025లో ఆ దుకాణాలన్నీ మూసేశారు. మైకేల్స్‌లో అన్నీ దొరుకుతాయి. హాబీ లాబీలో కూడా ఉంటాయి గానీ ఆదివారం తెరవరు, మనకేమో ఖాళీ దొరికేది ఆ రోజే. బట్ట బిగించే రింగులు, ఫ్రేములు మాత్రం కొత్తవి కొనక్కర్లేదు. గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల దుకాణాల్లో, ఎండాకాలం గ్యారేజ్ సేల్స్‌లో ఎవరో కొని విప్పకుండా వదిలేసిన కిట్లతో సహా దొరుకుతాయి. కిట్ కొంటే అట్ట మీద ‘కౌంటెడ్’ అనుందా ‘స్టాంప్డ్’ అనుందా చూసుకో. స్టాంప్డ్ అంటే బట్ట మీద గుర్తులు అచ్చేసి ఉంటాయి. కౌంటెడ్‌లో ఖాళీ బట్ట, పక్కన గడుల కాగితం. మనం మ్యాటీ మీద పుస్తకం చూసి కుట్టిన పద్ధతి ఇదే, నీకు వెంటనే చేతికొచ్చేస్తుంది.

దారం ఇక్కడ ఎక్కువగా డీఎంసీ. ఫ్రాన్స్ కంపెనీ, 1746లో మ్యులూజ్ ఊళ్లో పుట్టింది. మనకి అలవాటైన ఆంకర్‌లాగే ఆరు పోగులు, కట్టకి 8 మీటర్లు. నంబర్లు మాత్రం వేరు. ఆంకర్ నలుపు 403 అయితే డీఎంసీలో 310. అమ్మ ఇంట్లో ఉన్న పాత దారాలన్నీ పార్సిల్‌లో పెడితే పారేయకు, రెండిటి నంబర్లూ పక్కపక్కన చూపించే పట్టికలు ఉచితంగానే దొరుకుతాయి. 14 కౌంట్ మీద రెండు పోగులు చాలు. మొద్దు మొన ఉన్న 24 నంబర్ సూది తీసుకో.

కుట్టడం నీకు వచ్చు కాబట్టి గుర్తు చేయాల్సినవి కొంచెమే. ఇంటూ గుర్తులో పైన పడే దారం బట్టంతటా ఒకే వైపు వాలాలి, లేకపోతే దూరం నుంచి చూస్తే మెరుపు గజిబిజిగా ఉంటుంది. వెనక ముడులు వేయకు, ఫ్రేములో పెట్టాక ఎత్తుగా పైకి కనిపిస్తాయి. రాత్రి లేచేటప్పుడు రింగు విప్పెయ్, లేకపోతే గుండ్రటి మచ్చ పడుతుంది. ఇంకొకటి మన ఇళ్లకే ప్రత్యేకం: పసుపు. కూర చేసిన చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఉంటుంది, తెల్ల ఐడా మీద పడిందంటే దాన్ని వదిలించడం కష్టం. తలకి కొబ్బరినూనె పెట్టుకున్న రోజు కూడా బట్ట ముట్టుకోకు.

ఇక టైము. నిజానికి నువ్వు అడగాల్సింది ‘టైము ఎక్కడుంది’ అని కాదు, ‘ఏ టైములో ఏ పని’ అని. లెక్కపెట్టే పని ఒకటి, చేతులు ఆడించే పని ఒకటి. గడులు లెక్కపెట్టి కొత్త రంగు మొదలుపెట్టడానికి బుర్ర తేలిగ్గా ఉండాలి, అది శనివారం పొద్దున కాఫీ తాగుతూ చేసుకో. ఒక రంగు పెద్ద భాగం నింపడం మాత్రం ఎప్పుడైనా అవుతుంది. సీరియల్ వింటూ, అమ్మతో ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, మెట్రా రైల్లో వెళ్తూ. కెమెరా ఆఫ్‌లో ఉండే మీటింగుల్లో కుట్టేవాళ్లు కూడా నాకు తెలుసు, వాళ్ల మేనేజర్లకి తెలియదు. అందుకే వారాంతంలో లెక్కలు చూసుకుని, నాలుగు సూదుల్లో నాలుగు రంగులు ఎక్కించి చిన్న జిప్ సంచిలో పెట్టేసుకో. పావుగంట దొరికినా వెతుకులాట ఉండదు.

నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఇక చూడు, డిసెంబర్‌లో చికాగోలో నాలుగున్నర కాకుండానే చీకటి. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ సాయంత్రాలు ఎంత దిగులు పుట్టిస్తాయో చెప్పలేను. బయటికి వెళ్లే పని లేదు, ఇండియాకి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము, అందరూ నిద్రలో. అలాంటప్పుడు చేతిలో ఒక పని ఉండటం మంచిదే. మంచి తెల్ల వెలుగునిచ్చే టేబుల్ లైట్ ఒకటి కొనుక్కో, కిట్ కన్నా ముందు కొనాల్సింది అదే. కానీ పండగ కానుకలు ఆ చీకటి రోజులొచ్చాక మొదలుపెడితే అందవు. ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మొదలవ్వాలి. షాపుల్లో అప్పటికే క్రిస్మస్ సామాను పెట్టేసి ఉంటారు, నవ్వుకోకుండా కొనుక్కో.

ఏం కుట్టాలి? మన పండగ కాని పండగకి ఏం చేస్తామని మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు. శాంటాక్లాజునే కుట్టాలని ఎవరూ అనలేదు. నన్నడిగితే ముగ్గు కుట్టు. చుక్కల ముగ్గూ, క్రాస్ స్టిచ్ కాగితమూ రెండూ గడుల లెక్కే కదా. ఏడు చుక్కలు ఏడు వరసల ముగ్గు తీసుకో. ప్రతి నాలుగో గడికి ఒక చుక్క పెడుతూ పోతే మొత్తం 25 గడులు, 14 కౌంట్ మీద రెండంగుళాలు కూడా కాదు. చుక్క దగ్గర ఒక్క ఇంటూ, గీతలకి బ్యాక్ స్టిచ్, అంటే గీతలా వచ్చే వరస కుట్టు. సందు చుక్కల ముగ్గయితే మధ్య దూరం సరిసంఖ్య ఉండేలా చూసుకో, అప్పుడే సందు చుక్క సరిగ్గా ఒక గడిలో పడుతుంది. తిన్నటి గీతల ముగ్గులే ఎంచుకో, మెలికల ముగ్గు గడుల మీద మెట్లు మెట్లుగా వచ్చి అందం చెడుతుంది. ఎర్రటి ఐడా మీద తెల్ల దారంతో కుడితే ఎర్రమన్ను అలికిన వాకిలి గుర్తొస్తుంది. ముదురు రంగు బట్ట మీద కన్నాలు కనబడవు, ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుని కుట్టు. ఇక్కడివాళ్లు దాన్ని మంచు పువ్వు అనుకుంటారు. అనుకోనీ. అసలు మంచు పువ్వుకి ఆరు రేకలు, చతురస్రపు గడుల మీద ఆరు సరిగ్గా కుదరక కుట్టుపనివాళ్లు ఎనిమిది రేకలు వేసేస్తుంటారు. మన ముగ్గుకి ఆ ఇబ్బంది కూడా లేదు.

మిగతా జాబితాకి త్వరగా అయ్యేవి. ఉప్పు పిండి ఆర్నమెంట్లు పాపతో కలిసి చేయొచ్చు: రెండు కప్పుల ఆల్ పర్పస్ ఫ్లోర్, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు. నీళ్లు ఒకేసారి కుమ్మరించకుండా చపాతీ పిండి పదునుకి కలుపు. పావు అంగుళం మందాన ఒత్తి, స్టీలు గ్లాసు అంచుతో కోసి, స్ట్రాతో కన్నం పెట్టు. ఓవెన్‌లో 250 ఫారన్‌హీట్‌లో రెండు మూడు గంటలు. చల్లారాక పాప రంగులేస్తుంది, వెనక పాప పేరూ సంవత్సరమూ రాయి. టీచర్లకి అంతకన్నా నచ్చేది ఉండదు. కుక్క ఉన్న ఇంటికి మాత్రం ఇవ్వకు, అంత ఉప్పు తింటే కుక్కలకి ప్రమాదం. నారింజ చక్రాలు 200 ఫారన్‌హీట్‌లో మూడు నాలుగు గంటలు మధ్యలో తిప్పుతూ ఆరబెట్టి, మన కిరాణా షాపు దాల్చినచెక్కతో కలిపి కట్టినా బాగుంటాయి, ఇల్లంతా వాసన. ఆఫీసువాళ్లకి నల్ల అట్ట మీద తెల్ల జెల్ పెన్నుతో ముగ్గు వేసిన కార్డు చాలు, ఒక సాయంత్రంలో నలుగురివీ అయిపోతాయి. పోస్టులో పంపేదుంటే నలుచదరపు కవరు కొనకు, మామూలు స్టాంపు సరిపోదు, అదనంగా కట్టాలి. తినేవి స్కూలుకి చేసివ్వకు. పిల్లల అలర్జీల వల్ల ఇంట్లో చేసినవి చాలాచోట్ల తీసుకోరు.

కుట్టడం అయ్యాక అసలు గండం ఫినిషింగ్. ఫ్రేము షాపులో కట్టించడానికి అడిగే డబ్బు వింటే కుట్టిన ఉత్సాహం దిగిపోతుంది. మూడంగుళాల చెక్క రింగులోనే బిగించి, అంచు కత్తిరించి, వెనక ఫెల్ట్ ముక్క అతికించి, పైన రిబ్బన్ కట్టెయ్. క్రిస్మస్ రిబ్బన్లు పండగ వెళ్లిన మర్నాటి నుంచి బాగా తగ్గింపు ధరకి దొరుకుతుంటాయి, వచ్చే ఏడాదికి అప్పుడే కొనిపెట్టుకో. కానుక ఇవ్వడానికి వారం ముందే కుట్టు పని ఆపెయ్, ఆ వారం ఫినిషింగ్‌కి.

ఒక్కదానివే కూర్చుని కుట్టడం బోర్ కొడితే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడుగు. చాలాచోట్ల నెలకోసారో వారానికోసారో కుట్టుపనివాళ్లు కలుస్తారు. ఎక్కువమంది పెద్దవాళ్లు. మొదటిరోజు నీ పేరు పలకడానికి కాస్త తంటాలు పడతారు, రెండోరోజు నీ బట్ట వెనకవైపు తిప్పి చూస్తారు. వెనక శుభ్రంగా ఉంటే ఇక నువ్వు వాళ్ల మనిషివే. ఆఫీసులో దొరకని స్నేహాలు అక్కడ దొరుకుతాయి.

ఎట్సీ సంగతి. మీ ఇద్దరిదీ హెచ్1 ఉద్యోగ వీసా అయితే, ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరే పని చేసి సంపాదించకూడదు. చేత్తో చేసినవి పెట్టి అమ్మడం పని కిందికే రావచ్చు. హెచ్1 వాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్4 మీద ఉండి ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి కార్డు, లేనివాళ్లకీ, ఎఫ్1 విద్యార్థులకీ ఇదే ఇబ్బంది. ‘చిన్నదే కదా, ఎవరు చూస్తారు’ అనేవాళ్ల మాట వినకు, గ్రీన్‌కార్డు టైములో ఆ చిన్నదే పెద్దదవుతుంది. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. కానుకలివ్వడానికి ఏ అడ్డూ లేదు.

అమ్మకి గృహప్రవేశానికి ముగ్గు ఆర్నమెంట్ లాంటిదే కొంచెం పెద్దది కుట్టు, గుమ్మం పక్కన పెట్టుకునేలా. 70 గడుల వెడల్పు, అంటే అయిదంగుళాలు. చుట్టూ మూడేసి అంగుళాల బట్ట వదులు, ఇండియాలో ఫ్రేము కట్టించడం చవక కాబట్టి బట్టగానే పంపేయొచ్చు. రాధాకృష్ణుల కిట్ మనసులోంచి పోకపోతే జనవరిలో మొదలుపెట్టు, ఎవరికీ చెప్పకు.

విమానంలో సూదికి ఇక్కడి సెక్యూరిటీ వాళ్లు అడ్డు చెప్పరు. కత్తెర అయితే కీలు దగ్గర్నుంచి మొన దాకా నాలుగంగుళాల లోపు ఉండాలి. గుండ్రటి లాకెట్‌లా ఉండే దారం కట్టర్‌లో బ్లేడు ఉంటుంది కాబట్టి చేతిసంచిలో పెట్టుకోనివ్వరు. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో వాదన ఎందుకు, కత్తెర చెకిన్ పెట్టెలో వేసేసి, దారాలు ముందే కత్తిరించుకుని సూదుల్లో ఎక్కించుకో.