జర్మనీలో ఎమ్మెస్సీ ఎకనామిక్స్: ఫీజు లేకపోతే ఖర్చు దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. జర్మనీలో ఎమ్మెస్సీకి ఫీజే ఉండదంటున్నారు. మేం ఎంత సర్దుకోవాలి? క్లాసులో మనవాళ్లు ఉంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఫీజు సంగతి యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుందండీ. బాన్ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్ రుసుము మాత్రం కట్టాలి, బస్సు, రైలు పాసు అందులోనే వస్తుంది. మన్‌హైమ్ యూనివర్సిటీ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటున్నారు. నాలుగు సెమిస్టర్లకి 6,000. యూరో వంద రూపాయలనుకుంటే ఆరు లక్షలు.

అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే అందులో వేయాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే దాదాపు పన్నెండు లక్షలు. అది మీ డబ్బే. అమ్మాయి వెళ్లాక నెలకి 992 చొప్పున చేతికొస్తుంది. చాలామంది సరిగ్గా 11,904 పంపుతారు. దారిలో బ్యాంకు చార్జీలు కోసుకుంటే ఆ కాస్త తక్కువకే డబ్బు జమైందని ఇచ్చే ధ్రువపత్రం ఆగిపోతుంది, వీసా ఇంటర్వ్యూ దగ్గరపడి కంగారు మొదలవుతుంది. ఖాతా రుసుము కలిపి, చార్జీలన్నీ పంపేవారే భరించేలా పంపండి. ఇంకొకటి: అక్కడ కరెంట్ అకౌంట్ తెరిచాకే మొదటి 992 వస్తుంది. గది అడ్వాన్సేమో ముందే అడుగుతారు, చట్టం ప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. దానికి వేరే డబ్బు చేతిలో ఉండాలి. ఆరోగ్య బీమా ఆ 992లోంచే కట్టుకోవాలి. రెండో ఏడాది ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేసుకోండి.

ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు. మొదటి సెమిస్టర్‌లో ఆ సంపాదన మీద ఆధారపడొద్దు. మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విశ్లేషణ) పేపర్లు మూడూ ఒక్కసారే మీద పడతాయి.

మనవాళ్ల మాటకొస్తే, జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. 2023-24 చలికాలం సెమిస్టర్‌లో 49 వేలు దాటారు. అయితే వాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ వైపే. ఎకనామిక్స్ క్లాసులో జర్మన్లు, రకరకాల దేశాలవాళ్లు కలిసి ఉంటారు. తెలుగు మాట హాస్టల్లో వినిపించినా క్లాసులో దొరక్కపోవచ్చు.

సీటు పోయేది ఎక్కువగా గణితం దగ్గర. బీఏలో చదివిన గణితం, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ క్రెడిట్లు లెక్కపెడతారు. ఏ పేపర్లో ఏం చదివిందో కనిపించేలా సిలబస్ కాపీ కాలేజీలో సంతకం చేయించి దగ్గర పెట్టుకోండి. మన డిగ్రీ పత్రాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలవుతుంది, వారాలు పడుతుంది. ముందు ఆ దరఖాస్తు పెట్టించండి.