నవ్వుతూనే ఉన్నాను, కానీ పుండు మానడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మూడేళ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలుతో నడుస్తాను, ఉద్యోగం చేస్తాను, ఇంటి పనీ చూసుకుంటాను. చిన్నప్పటి నుంచీ నాకు నలుగురినీ నవ్వించడం అలవాటు. కాలు పోయాక అది ఇంకా ఎక్కువైంది. ‘దోమలకి నా దగ్గర సగం భోజనమే’ అంటుంటాను. మా పదేళ్ల పాప ఆ కాలికి ‘బుజ్జి’ అని పేరు పెట్టింది. రాత్రి విప్పి గోడకి ఆనిస్తే, ‘అమ్మా, బుజ్జి నీకంటే ముందే పడుకుంది’ అంటుంది. నీ అంత ధైర్యం ఎవరికీ ఉండదని అందరూ అంటారు. మావారికి మాత్రం ఈ జోకులు గిట్టవు. మొదలుపెట్టగానే లేచి వెళ్లిపోతారు. ‘ప్రతిదానికీ నవ్వేనా?’ అని ఒకసారి గట్టిగా అరిచారు కూడా. ఈమధ్య ఆఫీసులో ఒకతను అందరి ముందూ ‘ఒంటికాలి మేడమ్ వచ్చేశారు, ఇక పని పరిగెడుతుంది’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. నేను వేసుకునే జోకే ఇంకొకరు వేస్తే ఎందుకింత బాధ? నేను నిజంగా ధైర్యంగా ఉన్నానా, నటిస్తున్నానా? రాత్రిళ్లు లేని పాదంలో మంటలు. మూడు వారాలుగా కాలు ఆనే చోట చిన్న పుండు పడి మానడం లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జవాబు: నవ్వు గురించి ఇంత రాశారు, పుండు గురించి ఒక్క వాక్యం. అదీ చిట్టచివర. నేను ఆ వాక్యంతోనే మొదలుపెడతానమ్మా. మీరు అడిగిన మిగతా వాటన్నింటికీ దారి అక్కడి నుంచే ఉంది.

పుండు పడిన చర్మం మీద కృత్రిమ కాలు తొడగకూడదు. దూది పెట్టి, కట్టు కట్టి, పైన లైనర్ (చర్మానికీ కృత్రిమ కాలికీ మధ్య వేసుకునే మెత్తటి తొడుగు) లాగేసి నడిచేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఆ కట్టు మందమే సాకెట్‌లో, అంటే కృత్రిమ కాలిలో మీ మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగంలో, ఇంకో చోట ఒత్తిడి తెచ్చి రెండో పుండుకు కారణమవుతుంది. మూడు వారాలుగా మానలేదంటే రోజూ మానబోతున్న చర్మాన్ని మీ నడకే మళ్లీ చీలుస్తోందేమో. రేపే డాక్టరుకు చూపించండి. చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, చెయ్యి పెడితే వేడిగా తగిలినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు. మధుమేహం ఉంటే ఈ మాట ఇంకో రెండుసార్లు చెప్పానని అనుకోండి.

డాక్టరు తర్వాత, మీ కాలు తయారుచేసిన నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. ఆపరేషన్ అయ్యాక మిగిలిన కాలు మొదటి ఏడాది, ఏడాదిన్నర బాగా సన్నబడుతుంది. ఆ తర్వాత కూడా మారడం ఆగదు. ఒంటి బరువు పెరిగినా తగ్గినా మారుతుంది. ఒకే రోజులో పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. కాలు సన్నబడితే సాకెట్‌లో లోతుకు జారుతుంది. అప్పుడు బరువు మోయాల్సిన చోట కాకుండా ఎముక కొస మీదో, అంచు మీదో ఒత్తిడి పడుతుంది. అందుకే మందం వేరువేరుగా ఉండే మేజోళ్లు ఇస్తారు, వదులైనప్పుడు ఇంకో పొర వేసుకోవడానికి. పొరలు పెంచుకుంటూ పోవాల్సి వస్తోందంటే సాకెట్ మార్చే టైమ్ వచ్చిందన్నమాట. మీ సాకెట్ ఎప్పటిది? మొదట చేయించుకున్నదే అయితే దాన్ని అనుమానించండి, మిమ్మల్ని కాదు.

ఇక నుంచి రోజూ రాత్రి బుజ్జిని గోడకి ఆనించాక ఒక చిన్న చేతి అద్దం తీసుకోండి. మిగిలిన కాలు కిందా వెనకా కంటికి కనపడదు, అద్దంలోనే చూడాలి. ఎర్రటి గుర్తులు ఉంటాయి, కంగారు పడకండి. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పోతే మంచిదే. పోకుండా అలాగే ఉంటే ఆ చోట ఒత్తిడి ఎక్కువైనట్టు. పుండు కాకముందు చర్మం మీతో మాట్లాడే భాష అదే. లైనర్‌ని రోజూ గాఢత లేని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ పుండు ఎందుకు దాచారు? నాకు తోచింది చెబుతాను, తప్పయితే కొట్టేయండి. చెబితే కాలు విప్పి కూర్చోవాలి. కర్రలతోనో వీల్‌చైర్‌లోనో కొన్నాళ్లు తిరగాలి. ‘నీ అంత ధైర్యం ఎవరికీ ఉండదు’ అన్నవాళ్లే ‘అయ్యో పాపం’ అంటారు. మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు ఒక చిన్న పుండుతో పోతుందనిపించింది. అవునా?

ఆ పేరు గురించి ఒక విషయం చెప్పాలి. ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని ఒక హాస్య నటి, పాత్రికేయురాలు ఉండేది. పుట్టుకతో ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, వీల్‌చైర్‌లో తిరిగేది. ఆమెకు పదిహేనేళ్లప్పుడు ఊళ్లోవాళ్లెవరో వచ్చి, మీ అమ్మాయికి ఘనత సాధించినందుకు అవార్డు ఇప్పిద్దామన్నారట. తల్లిదండ్రులు ఆశ్చర్యపోయారు, ఆ పిల్ల అందరిలాగే బడికి వెళ్లడం తప్ప ఏం సాధించింది అని. ఆమె పెద్దయ్యాక ఇదే విషయాన్ని గట్టిగా మాట్లాడింది. వైకల్యం ఉన్న మనిషి మంచం దిగి పనికి వెళ్తే చాలు, చప్పట్లు కొట్టి ‘స్ఫూర్తి’ అనేయడం గౌరవం కాదంది. ఆమె వేదికల మీద జనాన్ని పగలబడి నవ్వించింది, అదే వేదికల మీద ఈ మాట సూటిగా చెప్పింది. రెండూ ఒకే మనిషి చేసింది.

మీ చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. ప్రేమతోనే అంటున్నారు. కానీ ఆ పొగడ్త మీ మీద ఒక డ్యూటీ పెట్టేసింది. రోజూ నవ్వించాలి, రోజూ మెట్లెక్కాలి, నొప్పి ఉన్నా లేదనాలి. మీరు నటిస్తున్నారా అని అడిగారు కదా, మీ నవ్వు నటన కాదు. దోమల మాట చదివి నేను హాయిగా నవ్వాను. అది మీకు చిన్నప్పటి నుంచీ ఉన్న స్వభావం, ప్రమాదం తెచ్చి పెట్టింది కాదు. నవ్వు డ్యూటీ అయిపోయిన రోజునే అది నటన అవుతుంది.

హాస్యం మీద చాలా ఏళ్లు పనిచేసిన రాడ్ మార్టిన్ అనే మనస్తత్వవేత్త బృందం 2003లో మనుషులు హాస్యాన్ని వాడుకునే తీరుల్ని నాలుగుగా విడదీసింది. అందులో రెండు మీకు పనికొస్తాయి. కష్టంలో ఉన్నప్పుడు మనసు కుంగకుండా, దాన్ని ఇంకో వైపు నుంచి చూసి మనలో మనమే తేలికపడటం ఒకటి. ఎదుటివాళ్లు మెచ్చుకోవాలని మనల్ని మనం తక్కువ చేసుకోవడం, లోపల బాధగా ఉన్నా పైకి నవ్వేయడం ఇంకొకటి. మొదటిది మనసుకు బలమిస్తే, రెండోది బెంగతోనూ దిగులుతోనూ ముడిపడి ఉంటుందని వాళ్లు చూశారు. మాట ఒకటే కావచ్చు. రాత్రి మీ పాప పక్కన కూర్చుని ‘బుజ్జి పడుకుంది’ అనుకోవడం మొదటిది. ఆఫీసులో ఆ మనిషి మాటకు నవ్వడం రెండోది. తేడా మీ ఒంటికి తెలిసింది, అందుకే బాత్రూమ్‌లోకి వెళ్లారు.

ఇంకొకరు వేస్తే ఎందుకు బాధ అని అడిగారు. ఆ జోక్ వెనక మీరు పడ్డ మూడేళ్లు ఉన్నాయి, అతని జోక్ వెనక ఏముంది? మీరు ‘బుజ్జి’ అన్నప్పుడు మీ కాలి గురించి మీరు మాట్లాడుకుంటున్నారు. అతను ‘ఒంటికాలి మేడమ్’ అన్నప్పుడు మిమ్మల్ని మొత్తంగా ఆ కాలిలోకి కుదించేశాడు. మీరే నవ్వుతున్నారు కదా, నేనూ అనొచ్చులే అనుకుని ఉంటాడు. కాబట్టి అతనికి తెలియజేయాలి. నలుగురిలో వద్దు, విడిగా పిలిచి చెప్పండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘నా కాలి మీద జోకులు నేను వేసుకుంటాను. మీరు వేస్తే నాకు బాధగా ఉంది, ఇంకెప్పుడూ అనకండి.’ అంతే. చెప్పేటప్పుడు నవ్వకండి. మీకు ఇదే కష్టమని నాకు తెలుసు, నవ్వు దానంతటదే పెదాల మీదికి వచ్చేస్తుంది. అద్దం ముందు రెండుసార్లు నవ్వకుండా చెప్పి చూసుకుని వెళ్లండి. తర్వాత కూడా మానకపోతే పైవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. అది సరదా కాదు, అవమానించడం.

మీవారి విషయంలో నాకు వేరే అనుమానం ఉంది. ఆయనకు మీ నవ్వు గిట్టక కాదు. ప్రమాదం రోజు ఆస్పత్రి వరండాలో నిలబడింది ఆయన. ఆపరేషన్‌కు సంతకం పెట్టాల్సి వచ్చింది కూడా ఆయనేనేమో. మీకు నవ్వు దొరికింది. ఆయనకు ఏడవడానికి చోటు దొరకలేదు. ఆయన నోరు తెరిచేలోపే మీ జోక్ వచ్చేస్తుంది, గదిలో అందరూ నవ్వుతారు, ఆయన లేచి వెళ్లిపోతారు. మీ ఇద్దరి మధ్యా ఆ కాలి గురించి నవ్వు లేకుండా మాట్లాడిన సందర్భం ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారైనా?

పుండు సంగతి ముందు ఆయనకే చెప్పండి. పాప పడుకున్నాక, కాలు విప్పి, లైట్ వేసి చూపించండి. ‘మూడు వారాలైంది, భయమేసి చెప్పలేదు, రేపు డాక్టరు దగ్గరికి మీరూ రండి’ అనండి. కోప్పడొచ్చు, పడనివ్వండి. లేదా అసలేం మాట్లాడకపోవచ్చు. మాట రాకపోతే ఆ చేతి అద్దం ఆయన్ని పట్టుకోమనండి. చేతికి ఒక పని దొరికితే మాట తర్వాత వస్తుంది. ఇంకొక ఏర్పాటు కూడా చేసుకోండి. మీకు నిజంగా బాధగా ఉన్న రోజు ‘ఇవాళ జోక్ లేదు’ అని ఒక్క మాట అంటే ఆయనకు అర్థం కావాలి. ఆ రోజు ఆయన ధైర్యం చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

లేని పాదంలో మంట గురించి కూడా ఆయనకు చెప్పలేదనుకుంటాను. పిచ్చి అనుకుంటారేమోనని చాలామంది చెప్పరు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్ 1871లోనే దీని గురించి రాసి, లేని అవయవం తాలూకు ఈ అనుభూతికి పేరు పెట్టాడు. అవయవం తీసేసినవాళ్లలో ఎక్కువమందికి ఇది ఏదో ఒక రూపంలో ఉంటుంది. పాదం పోయింది కానీ మెదడులో ఆ పాదానికి ఉన్న చోటు పోలేదు. దీనికి మందులున్నాయి, మామూలు నొప్పి మాత్రలు కావు, నరాల నొప్పికి ఇచ్చేవి. మెదడు మీద పరిశోధించే శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో అద్దంతో ఒక పద్ధతి కనిపెట్టారు. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, ఉన్న పాదాన్ని కదుపుతూ అద్దంలో చూస్తే, లేని పాదమే కదులుతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది. కొందరికి మంట తగ్గుతుంది, అందరికీ తగ్గదు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి. పుండు చూపించడానికి వెళ్లినప్పుడు ఇది కూడా చెప్పడం మర్చిపోవద్దు. ‘పుండు మాత్రమే’ అని వచ్చేస్తారేమోనని నా బెంగ.

పట్టుదల గురించి కూడా ఒక మాట. మోకాలి కింద కాలు పోయినవాళ్లు అదే వేగంతో నడవాలంటే మిగతావాళ్ల కంటే సుమారు 25 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుందని పునరావాస వైద్యం చెబుతుంది. అంటే సాయంత్రానికి మీరు అలసిపోవడం బలహీనత కాదు, లెక్క. లిఫ్ట్ ఉండగా మెట్లెక్కడం మానేయండి. పుండు మానేదాకా కర్రలు పట్టుకుని, లేదా వీల్‌చైర్‌లో ఆఫీసుకు వెళ్లండి. ఎవరైనా ‘అయ్యో, ఏమైంది?’ అంటే ‘పుండు పడింది, మానాక తొడుక్కుంటాను’ అనండి. జోక్ కలపాలనిపిస్తే కలపండి, తప్పేం లేదు. నిజం చెప్పాక కలపండి.

మీ హాస్యాన్ని కాలు దాటి కూడా తిరగనివ్వండి. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2009లో కాలంలో ప్రయాణించి వచ్చేవాళ్ల కోసం ఒక విందు ఏర్పాటు చేసి, ఆ విందు అయిపోయాక ఆహ్వానాలు ప్రకటించాడు. ఎవరూ రాలేదు. ఒళ్లంతా కదలకుండా పోయిన మనిషి, తన ఒంటి మీద కాకుండా తన శాస్త్రం మీద వేసిన జోక్ అది. మీకు ఆఫీసు ఉంది, పాప ఉంది, బోలెడంత లోకం ఉంది. అన్నింటి మీదా మీకు జోకులు తోస్తాయి.

ఏడుపు ఆ ఒక్క రోజుదే అయితే సరే. అలా కాకుండా రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటున్నా, నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. బతకడం ఎందుకనిపిస్తే మాత్రం ఆ గంటలోనే ఇంట్లోవాళ్లకి చెప్పి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక పాప. మీరు కాలు తొడుక్కోకుండా కర్రలతో కనిపించగానే అడుగుతుంది. ‘బుజ్జికి సెలవిచ్చానురా, అమ్మకి పుండు పడింది’ అని రెండూ చెప్పండి. మొదటిదానికి నవ్వుతుంది. తర్వాత నొప్పిగా ఉందా అని అడుగుతుంది. ఉందని చెప్పండి.